కైటోసాన్ నీళ్లలో ఎందుకు కరగదు?

హన్మకొండలో ఎమ్మెస్సీ చదివే ఒక అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "సార్, కైటోసాన్ పొడి పొద్దటి నుంచి నీళ్లల్ల తిప్పుతున్న, అస్సలు కరుగుత లేదు, పొడి మంచిది కాదేమో" అని. కైటోసాన్ అంటే రొయ్య పొట్టు లాంటి వాటి నుంచి తీసే పదార్థం. ఆమె పొడి మంచిదే, నీళ్లే పనికిరావు. వంద మిల్లీలీటర్ల నీళ్లకు ఒక మిల్లీలీటరు ఎసిటిక్ ఆమ్లం కలిపి, అప్పుడు పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ తిప్పమన్నాను. జొన్న గట్క వండేటప్పుడు రవ్వంతా ఒక్కసారే కుమ్మరిస్తే ఉండలు కడుతుంది కదా, ఇదీ అంతే. తెల్లారేసరికి గంజిలా చిక్కగా తయారైంది. ఎందుకు కరిగిందని అడిగింది, ఈ వ్యాసం అందుకే.

రొయ్య పొట్టు, ఎండ్రికాయ చిప్ప, పురుగుల పైపెంకు, పుట్టగొడుగుల కణాల గోడ, వీటన్నిటిలో కైటిన్ ఉంటుంది. 1811లో బ్రాకొనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని మొదట గుర్తించింది పుట్టగొడుగుల్లోనే. పొట్టులోని సున్నాన్ని పలుచటి ఆమ్లంతోను, ప్రొటీన్‌ను పలుచటి కాస్టిక్ సోడాతోను తీసేస్తే మిగిలేది కైటిన్. దాన్ని 40–50 శాతం కాస్టిక్ సోడాలో ఉడికిస్తే కైటోసాన్.

అసలు మజా ఇక్కడుంది. మన వరంగల్ ఎనుమాముల మార్కెట్లో గుట్టలు పోసే పత్తి, ఈ రొయ్య పొట్టు దాదాపు ఒకే గొలుసు. రెండూ గ్లూకోజు లాంటి కడియాలు ఒకే తీరుగా అతుక్కున్నవే. తేడా అంతా ప్రతి కడియంలోని రెండో కార్బన్ దగ్గర. అక్కడ పత్తికి హైడ్రాక్సిల్ ఉంటుంది, కైటిన్‌కు ఎసిటైల్ తొడుగు వేసుకున్న అమైన్ (నైట్రోజన్ ఉన్న గుంపు) ఉంటుంది, కైటోసాన్‌లో చాలా చోట్ల ఆ తొడుగు ఊడిపోయి అమైన్ బయటపడుతుంది. (క్లాసులో మాత్రం మనం "పిండి, సెల్యులోజ్, కైటిన్: పాలీశాకరైడ్లు" అని ఒక మార్కు ప్రశ్నగా బట్టీ పట్టిస్తాం. ఇంత మంచి కథ అట్లా పోతుంది.)

బయటపడ్డ అమైన్ ఆమ్లంలోని ప్రోటాన్‌ను పట్టుకుని ధనావేశం తెచ్చుకుంటుంది. పీహెచ్ సుమారు 6.5 దగ్గర సగం అమైన్లు ఆవేశంతో ఉంటాయి, 5.5 దగ్గర 90 శాతం, 7.4 దగ్గర పదో వంతు మాత్రమే. ఆవేశం ఉంటే గొలుసులు ఒకదాన్నొకటి నెట్టుకుని విడిపోతాయి, కరుగుతాయి. లేకపోతే ముద్ద.

ఇప్పుడు పటిక గుర్తు తెచ్చుకోండి. వానకాలం బురద నీళ్ల బిందెలో పటిక తిప్పితే మట్టి అడుగుకు దిగుతుంది. మట్టి రేణువులకు రుణావేశం, అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి, పటికలోని అల్యూమినియం ధనావేశంతో ఆ కొట్లాట ఆపుతుంది. కైటోసాన్‌దీ అదే పని, కాకపోతే పటిక చిన్న చిన్న అయాన్లు, ఇది పొడవాటి తాడు, ఒకే తాడుకు ఎన్నో రేణువులు చిక్కుతాయి. మట్టే కాదు, రుణావేశం ఉన్నది ఏదైనా చిక్కుతుంది: బ్యాక్టీరియా పైపొర, డీఎన్‌ఏ, వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలకు వేసేలాంటి రంగుల్లో చాలా వరకు, ఎర్ర రక్తకణాలు కూడా.

రక్తం సంగతి చూస్తే, పత్తి దాన్ని పీల్చుకుంటుంది, కైటోసాన్ పట్టుకుంటుంది. కణాలన్నిటినీ గుంపు చేసి గాయానికి బిరడా వేస్తుంది. శరీరం తనంతట తాను గడ్డకట్టించే వరకు ఆగే పని లేదు, గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు కలిపిన రక్తం మీద కూడా పనిచేస్తుంది. ఇట్లాంటి పట్టీకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో అనుమతి ఇచ్చింది, వాళ్ల సైన్యం అఫ్గానిస్తాన్‌లో వాడింది. మరి రక్తం పీహెచ్ 7.4 కదా, అక్కడ ఆవేశం పదో వంతే అన్నాను కదా? అందుకే పట్టీని కైటోసాన్ ఎసిటేట్‌గా, అంటే ముందే ప్రోటాన్లు ఎక్కించి చేశారు. ఇది చదివి ఎండు రొయ్యల పొడి గాయం మీద చల్లకండి, కాఫీ పొడి చల్లే అలవాటే మనకు చాలు. కైటోసాన్ బిళ్లలతో కొవ్వు తగ్గుతుందన్న ప్రకటనలూ అట్లాంటివే, గట్టి పరీక్షల్లో తగ్గిన బరువు నామమాత్రం.

ప్రయోగశాలలో దీన్ని ఎన్ని రూపాలకైనా తేవచ్చు. ద్రావణాన్ని గడ్డకట్టించి శూన్యంలో ఆరబెడితే మంచు స్ఫటికాలు ఉన్న చోట్ల రంధ్రాలు మిగిలి స్పాంజి అవుతుంది, అందులో చర్మ కణాలో ఎముక కణాలో పెంచుతారు. ఆ స్పాంజిని ఒంట్లో పెడితే మన కన్నీళ్లలోనూ ఉండే లైసోజైమ్ అనే ఎంజైమ్ దాన్ని మెల్లగా కోసేస్తుంది, అదీ ఎసిటైల్ తొడుగులు మిగిలిన చోట. తొడుగులు ఎక్కువ ఊడదీస్తే స్పాంజి ఎక్కువ రోజులు ఉంటుంది. అంటే దాని ఆయుష్షు కాస్టిక్ సోడాలో ఎంతసేపు ఉడికించామన్న దాన్ని బట్టి కూడా ఉంటుందన్నమాట.

మన అమ్మాయి ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా క్షారంలో వేసి తెల్లటి పూసలు చేసింది, రంగు నీళ్లు శుభ్రం చేయడానికి. నిన్న మళ్లీ ఫోన్, టెన్షన్‌గా: "పూసలన్నీ మాయమైనయి సార్." రంగు నీళ్ల పీహెచ్ ఎంతమ్మా అంటే నాలుగట. కరగక ఏం చేస్తాయి! గొలుసుల్ని గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో ఒకదానికొకటి ముడేయాలి. కానీ ఆ ముడి పడేది కూడా అమైన్ల దగ్గరే, ముడులు పెరిగిన కొద్దీ రంగును పట్టే చేతులు తగ్గుతాయి. ఎన్ని ముడులు వేయాలో చూడడానికి ఇప్పుడు ఐదు బీకర్లు వరసగా పెట్టుకుని కూర్చుంది.