కొంగల కంచంలో మన చెత్త

చిట్టికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ నాన్నమ్మా కులాసా. సంక్రాంతికి వచ్చినప్పుడు ఊరి చివర చెత్తకుప్ప దగ్గర చిన్నోడు ముక్కు మూసుకుని, "తాతా, నువ్వు చెప్పిన కొంగలేవి? ఇక్కడన్నీ కుక్కలే కదా!" అన్నాడు గుర్తుందా? అప్పుడు నవ్వి ఊరుకున్నాను. జవాబు తెలీక కాదురా. ఆ కుప్పకి మొదట్లో ట్రాక్టర్లు తోలినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

"ఏటవుద్ది, పల్లమే కదా, ఒంపీండి" అనేవారు పైవాళ్ళు. ఆ పల్లం గెడ్డ (చిన్న వాగు) పక్కన చిత్తడి నేల. జమ్ము, తుంగ, వానాకాలం మోకాల్లోతు నీళ్ళు. కాగితాల్లో పోరంబోకు. మనిషి పేరు రాసిలేదు కాబట్టి ఎవరిదీ కాదనుకున్నాం. నీటికోడికీ, తాబేలుకీ, ఉడుముకీ పట్టాలుండవు కదా. ఏడాదికి కొంత కొంత చొప్పున కుప్ప జమ్ములోకి నడిచింది. మేమే నడిపించాం.

కొంగల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ, ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలూ ఊరి మధ్యనున్న చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. ఆ ఊళ్ళవాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు, కొట్టనివ్వరు. అవన్నీ సైబీరియా నుంచి వస్తాయని పేపర్లో ఏటా రాస్తారు గానీ, నత్తగుల్ల కొంగ మన దేశపు పక్షే. దాని ముక్కు మధ్యలో చిన్న సందు ఉంటుంది, నత్తగుల్లలు తినడానికి వీలుగా. ఆ నత్తలు ఎక్కడుంటాయి? చెట్టు మీద కాదు, వరిమడుల్లో, చెరువుల్లో, గెడ్డ పక్క పల్లాల్లో. గూడు ఒక చోట, కంచం ఇంకో చోట. గూడున్న చెట్టుకి కాపలా కాస్తూ కంచంలో చెత్త పోస్తే ఆ కొంగ ఏం తిని పిల్లల్ని పెంచుతుంది?

పోసినది పోసిన చోటే ఉండదు కూడా. వాన పడితే కుప్ప అడుగు నుంచి డికాషన్ లాంటి నల్లనీరు కారుతుంది. అది గెడ్డలో కలుస్తుంది. ముందు నత్తలూ చిన్నచేపలూ పోతాయి, వెనకే కొంగలు.

మరి కుక్కలెందుకు పెరిగాయంటే, అన్నం కోసం. మన ఊళ్ళ చెత్తలో బరువు చూస్తే సగం దాకా వంటింటి తడి చెత్తే. కుక్క, కాకి, పంది, గద్ద దానికే మూగుతాయి. నా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చి పడితే రాబందులు దిగి ఎముకలు మిగిల్చి పోయేవి. పశువుల నొప్పులకి వాడిన డైక్లోఫెనాక్ మందు ఆ కళేబరాల ద్వారా రాబందుల్ని చంపేసింది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు, అప్పటికే ఆకాశం ఖాళీ. వాటి వాటా కూడా కుక్కలకే దక్కింది. కుప్ప దగ్గర కడుపు నిండిన కుక్కల గుంపు కుందేలుని తరుముతుంది, నేల మీద గుడ్లు పెట్టే పిట్టల్ని బతకనివ్వదు. సముద్రం ఒడ్డు ఊళ్ళలోనైతే ఇసుకలో తాబేలు పెట్టిన గుడ్లని తవ్వి తినేస్తుంది. ఉద్దానం వైపు జీడిపండ్లకీ పనసపండ్లకీ తోటల్లో దిగే ఎలుగుబంట్లకి కూడా, ఊరి పక్కన తిండివాసన వచ్చే కుప్ప పెట్టడమంటే పిలిచి పీట వేసినట్టే.

ఇంకోటి చెప్తాను, చిట్టీ నువ్వు ఏడవకు. మొన్న వానాకాలంలో కుప్ప అవతలి ఈతచెట్టు నుంచి గిజిగాడి గూడొకటి గాలికి రాలింది. విప్పి చూశాను. గడ్డిపోగుల మధ్య నీలంరంగు ప్లాస్టిక్ పోగులు, యూరియా సంచివి, ఎంత చక్కగా అల్లిందో! లోపల పిల్ల ఎండిపోయి ఉంది. కాలికి ఆ పోగు మూడు చుట్లు తిరిగింది. గడ్డి అయితే గుంజితే తెగును. ఇది తెగలేదు.

ఏం చెయ్యొచ్చంటే, కుప్ప ఎక్కడ పెట్టాలో 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. నదికి 100 మీటర్లు, చెరువుకి 200 మీటర్లు దూరం, చిత్తడి నేలల్లో అసలే కూడదు. విమానాశ్రయానికైతే 20 కిలోమీటర్లు. చెత్తకి మూగే గద్దలు విమానాలకి తగులుతాయి కదా, భోగాపురం వైపు వాళ్ళు ఇకనైనా ఆలోచిస్తారు! రోజూ పోసిన చెత్త మీద కనీసం 10 సెంటీమీటర్ల మట్టి కప్పమని కూడా అందులో రాశారు. మట్టి కప్పితే వాసన తగ్గి జంతువులు రావు. మేం కప్పేవాళ్ళమా అని అడక్కండి.

పాత కుప్పని తవ్వి ట్రామెల్ అనే పెద్ద తిరుగుడు జల్లెడలో పట్టొచ్చు. మట్టి వేరు, రాయి వేరు, ప్లాస్టిక్ వేరు అవుతాయి. ఆ ప్లాస్టిక్ సిమెంటు ఫ్యాక్టరీలకి పొయ్యిలో మంటకి పోతుంది. నేల మళ్ళీ బయటపడుతుంది. అప్పుడు అక్కడ కల్యాణమండపం కడదామని ఎవరో ఒకరు బయల్దేరతారు. నన్నడిగితే గెడ్డ నీళ్ళు ఆ పల్లంలోకి తిరిగి రానిచ్చి, చుట్టూ కంచె వేసి ఊరుకోవడమే మేలు. జమ్ము దానంతటదే మొలుస్తుంది.

కానీ ఒకపక్క జల్లెడ పడుతుంటే ఇంకోపక్క కొత్త ట్రాక్టర్లు దిగితే, పడవ చిల్లు పూడ్చకుండా నీళ్ళు తోడినట్టే. చిల్లు ఎక్కడుందో పాతికేళ్ళు మోసినవాణ్ణి, నాకు తెలుసు. వంటింట్లో ఉంది. తడిదీ పొడిదీ ఒకే సంచిలో కట్టి విసిరిన చెత్తని తర్వాత ఏ యంత్రమూ సరిగ్గా విడదీయలేదు. తడిది ఇంటి దగ్గరే ఆగిపోతే కుక్కలకి కుప్ప దగ్గర పని ఉండదు, నల్లనీరు తగ్గుతుంది, కుప్పకి కొత్త నేల అంతగా అక్కర్లేదు.

మన పెరట్లో నూతికి దూరంగా గెత్తం (ఎరువు) గొయ్యి తవ్వాను. కూరల తొక్కులూ అరటిదొప్పలూ వేసి పైన ఎండాకులు, ఒక తట్ట మట్టి. మొదటి వారం మీ నాన్నమ్మ "ఇంటిముందరికే తెచ్చీసావేటి కుప్పని" అని సాధించింది. ఎండాకులు ఎక్కువ వేశాక వాసన పోయింది, సాధింపూ తగ్గింది. రెండు మూడు నెలల్లో తయారవుతుంది. వేసవి సెలవులకి వచ్చేసరికి మొదటి తట్ట మీ చేతే తీయిస్తాను. ఆనప విత్తనాలు దాచి ఉంచాను. బూట్లు తెచ్చుకోండి, చెప్పులతో గెత్తంలో దిగనివ్వను.

ఇట్లు,
మీ తాతయ్య