బెలూన్లు హైదరాబాదు నుంచే ఎందుకు?

కుషాయిగూడ, హైదరాబాదు

చిరంజీవులు సాహితి, ప్రణవ్‌లకు అమ్మమ్మ ఆశీస్సులు.

పొలాల్లో పారాచూట్లతో దిగే పెట్టెలు బాంబులా అని ప్రణవ్ అడిగాడు. కావురా నాయనా. సాహితి ప్రశ్న అంతకంటే గట్టిది: ఇంత పెద్ద దేశం ఉండగా ఆ పెట్టెలను పైకి మోసే పరిశోధన బెలూన్లను హైదరాబాదు నుంచే ఎందుకు వదులుతారు? దీనికి ఫోనులో జవాబు చెబితే మధ్యలో మీ అమ్మ అన్నానికి పిలుస్తుంది. అందుకే ఉత్తరం.

మా ఇంటికి దగ్గర్లో, ఈసీఐఎల్ పక్కన, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడ పని మొదలై అర్ధశతాబ్దం దాటింది. బెలూన్లు వదిలే కాలానికి ముందు పత్రికల్లో చిన్న ప్రకటన వేస్తారు. సినిమా వార్తలు చదివినంత ఇష్టంగా చదువుతాను దాన్ని. పలుచని ప్లాస్టిక్‌తో చేసి హైడ్రోజన్ నింపిన బెలూన్లు 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు వెళతాయనీ, వాటి వ్యాసం 50 నుంచి 85 మీటర్లు ఉండవచ్చనీ, పరికరాలు హైదరాబాదుకు రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలో దిగవచ్చనీ అందులో ఉంటుంది. దొరికినవారు వాటిని కదపకుండా పోలీస్ స్టేషన్‌కో పోస్టాఫీసుకో కబురు చేస్తే తగిన బహుమతి ఇస్తారు. విప్పి చూస్తే బహుమతి లేదు. ఈ చివరి షరతు పెట్టినవాళ్లకు మన ఊళ్ల సంగతి బాగా తెలుసు!

2022 డిసెంబరులో మీ వికారాబాద్ జిల్లాలోనే ఒక గుండ్రటి పెద్ద వస్తువు పొలంలో దిగితే ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చాయి. అది మనుషులను పైకి తీసుకెళ్లడానికని ఒక స్పెయిన్ సంస్థ తయారు చేసి, పరీక్ష కోసం ఖాళీగా పంపిన గది, ఇక్కడి బెలూనే దాన్ని పైకి మోసింది. ఇలాంటివి దిగినప్పుడల్లా గ్రహాంతరవాసులని ఎవరో ఒకరు పుకారు పుట్టిస్తారు. అసలు కథ ఆ పుకారుకంటే వింతగా ఉంటుంది, వినండి.

వందేళ్ల కిందట శాస్త్రవేత్తలకు ఒక చిక్కు వచ్చింది. విద్యుదావేశాన్ని కొలిచే పరికరాన్ని ఎంత గట్టిగా మూసిపెట్టినా లోపలి ఆవేశం మెల్లగా తగ్గిపోయేది. భూమిలోని రాళ్ల నుంచి వచ్చే రేడియోధార్మికతే కారణమని చాలామంది అనుకున్నారు. అలాగైతే పైకి వెళ్లేకొద్దీ అది తగ్గాలి కదా? 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త హైడ్రోజన్ బెలూన్ బుట్టలో పరికరాలతో కూర్చుని 5,300 మీటర్ల దాకా వెళ్లాడు. మొదట కొంత తగ్గిన వికిరణం ఆ తర్వాత పెరుగుతూ పోయి, అంత ఎత్తున నేల మీద ఉన్నదానికి రెండు మూడు రెట్లయింది. అంటే అది పైనుంచే వస్తోంది. సూర్యుడి నుంచేమో అన్న అనుమానం కూడా ఆయన ముందే తీర్చుకున్నాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో సూర్యగ్రహణం వేళ ఎగిరి చూస్తే వికిరణం తగ్గలేదు. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వికిరణాన్నే మనం కాస్మిక్ కిరణాలు, విశ్వకిరణాలు అంటున్నాం.

కిరణాలు అంటున్నాం గానీ అవి వెలుగు కాదు. పదింట తొమ్మిది వంతులు ప్రోటాన్లు అనే విద్యుదావేశం ఉన్న కణాలు, మిగిలినవాటిలో ఎక్కువ భాగం హీలియం కేంద్రకాలు. ఇది తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. వాటికి ఆ పేరు పెట్టిన అమెరికా శాస్త్రవేత్త మిలికాన్ మాత్రం అవి గామా కిరణాలేనని, అంటే ఒక రకం వెలుగేనని చాలాకాలం పట్టుబట్టాడు. పెద్దవాళ్ల పట్టుదలలు మీకు నేను చెప్పాలా! 1927లో జేకబ్ క్లే అనే డచ్చి శాస్త్రవేత్త జావాకూ హాలండుకూ మధ్య ఓడ ప్రయాణంలో కొలతలు తీసుకుంటే, భూమధ్యరేఖ దగ్గర ఈ వికిరణం తక్కువగా కనిపించింది. వెలుగును అయస్కాంతం వంచలేదు, విద్యుదావేశం ఉన్న కణాలను వంచగలదు. భూమి ఒక పెద్ద అయస్కాంతం. ఈ మూడు సంగతులూ కలిపి చూడండి.

సాహితీ, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ధ్రువాల దగ్గర భూమి అయస్కాంత బలరేఖలు దాదాపు నిట్టనిలువుగా నేలలోకి దిగుతాయి. వాటి వెంట తక్కువ శక్తి ఉన్న కణాలు కూడా కిందికి రాగలవు. భూమధ్యరేఖ దగ్గర అవే రేఖలు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటాయి. పైనుంచి దిగే కణం వాటికి అడ్డంగా దూసుకురావాలి, శక్తి చాలకపోతే వంగి వెనక్కి పోతుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణపు కొస మీదుగా పోతుంది (1963లో మన తొలి రాకెట్ కోసం కేరళలోని తుంబాను ఎంచుకోవడానికి కారణమూ అదే). హైదరాబాదు దానికి మరీ దూరం కాదు. ఇక్కడ ఒక ప్రోటాను నిలువుగా దిగాలంటే దానికి సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే కొలమానం అది) శక్తి ఉండాలి. అంత లేనివన్నీ బయటే ఆగిపోతాయి.

ఆగితే మనకేం లాభం? నక్షత్రాల నుంచి, కృష్ణబిలాల పరిసరాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను గాలి మింగేస్తుంది. మన నెత్తిన ప్రతి చదరపు సెంటీమీటరు మీద కిలో గాలి ఉంది. బెలూన్ 40 కిలోమీటర్లు ఎక్కితే అందులో మూడు గ్రాములే మిగులుతుంది. అక్కడ ఎక్స్ కిరణాలు దొరుకుతాయి, కానీ విశ్వకిరణాలు కూడా వచ్చి పరికరాన్ని తాకి దొంగ సంకేతాలు పుట్టిస్తాయి. కోఠి చౌరస్తాలో నిలబడి వేణువు వినాలనుకుంటే ఎలా ఉంటుందో, ఉత్తర దేశాల ఆకాశంలో అలా ఉంటుంది. హైదరాబాదు మీద ఆ రొద చాలా తక్కువ.

ఈ మేలుతో పాటు ఒక కష్టం కూడా వచ్చింది. ఉష్ణమండలంలో నేల మీద ఎండ మండిపోతుందా, పదహారు పదిహేడు కిలోమీటర్ల ఎత్తున మాత్రం చల్లని దేశాల మీదకంటే ఎక్కువ చలి, మైనస్ 80 డిగ్రీల దాకా. మామూలు ప్లాస్టిక్ ఆ చలికి పెళుసెక్కి పగిలిపోతుంది. అందుకే ఆ చలికి తట్టుకునే పొరను మనవాళ్లు ఇక్కడే తయారు చేసుకోవలసి వచ్చింది. నన్నడిగితే నక్షత్రాలను చూసినవారికి ఎంత పేరు రావాలో, ఆ ప్లాస్టిక్ అతుకులు వేసినవారికీ అంత రావాలి.

అన్నట్టు, ఆ బెలూన్లు పట్టేది కిరణాలనే కాదు. 2005 ఏప్రిల్‌లో 459 కిలోల పరికరం ఎక్కి 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టుకొచ్చింది. హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వారూ, పుణె శాస్త్రవేత్తలూ అందులో అంతవరకు ఎవరూ ఎరగని మూడు బాక్టీరియా జాతులను కనుగొన్నారు. ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు.

ఇక మీ ఇంటిదాకా వచ్చే సంగతి. విశ్వకిరణం పైన గాలి అణువును ఢీకొంటే కొత్త కణాల జల్లు పుడుతుంది. వాటిలో మ్యుయాన్లు అనేవి సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుడతాయి. సెకనును పది లక్షల భాగాలు చేస్తే, మ్యుయాన్ ఆయుష్షు సగటున అందులో రెండు భాగాలూ చిల్లర. కాంతి వేగంతో పరిగెత్తినా 660 మీటర్లు దాటేలోపు చచ్చిపోవాలి. అయినా ఇప్పుడు మీ అరచేతి గుండా సెకనుకు ఒకటి చొప్పున దూసుకుపోతున్నాయి! వేగంగా పోయే వస్తువు గడియారం మన లెక్కలో నెమ్మదిస్తుందని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. మన దాకా వచ్చే మ్యుయాన్లలో చాలావాటి ఆయుష్షు అలా ముప్పై నలభై రెట్లు సాగుతుంది. నేను ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను, ఒక్క ఏడాదీ విసుగు రాలేదు.

ఆ మ్యుయాన్లతో ఊటీలో మనవాళ్లు ఉరుములనే కొలిచారు. 2014 డిసెంబరు 1న ఒక గాలివాన వేళ మ్యుయాన్ల సంఖ్య తగ్గిన తీరును బట్టి, ఆ మబ్బులో 130 కోట్ల వోల్టుల విద్యుత్తు ఉందని లెక్క తేల్చారు.

వాటి జాడలను మీరు కంటితో చూడవచ్చు. సెలవులకు వచ్చేటప్పుడు మూత లేని గాజు పెట్టె, నల్లని లోహపు పళ్లెం, మంచి టార్చి తీసుకురండి. పెట్టెను పళ్లెం మీద బోర్లించి, లోపల పైభాగాన స్పిరిట్‌తో తడిపిన మందపాటి గుడ్డ అతికిస్తాం. పళ్లెం కింద డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పెట్టి పక్కనుంచి వెలుగు వేస్తే కాసేపటికి అడుగున సన్నని తెల్లని గీతలు మెరుస్తాయి. తిన్నగా పొడుగ్గా పోయేవి మ్యుయాన్లు, వంకర టింకరగా పోయేవి ఎలక్ట్రాన్లు. డ్రై ఐస్‌ను నేను తెప్పిస్తాను. దాన్ని వట్టి చేతులతో ముట్టుకుంటే చర్మం ఊడుతుంది కాబట్టి పెట్టడం, తీయడం నా పని. గది కిటికీలు తెరిచే ఉంచుతాం, స్పిరిట్ దగ్గరికి అగ్గిపుల్ల రాకూడదు. ఈ సంగతి ప్రణవ్‌కు రెండుసార్లు చదివి వినిపించు సాహితీ.

ఇట్లు
మీ అమ్మమ్మ