యాది తుడిచేసే ఇంజెక్షన్ లేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"మేడం, ఆ ఒక్క యాది తీసేసే ఇంజెక్షన్ వచ్చిందట గదా?" హన్మకొండలో మానసిక వైద్యురాలిగా పనిచేస్తున్న నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. వాట్సాప్‌లో ఏదైనా వీడియో తిరిగిందంటే ఆ వారం ఇంకాస్త ఎక్కువ మంది అడుగుతారు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. కొడుకు శవాన్ని అందరికంటే ముందు చూసిన తల్లి అడగక ఏం చేస్తుంది? కోపమంతా ఆ వీడియోలు చేసేవాళ్ల మీద, వాటిని నమ్మించి మాత్రలు అమ్మేవాళ్ల మీద.

అపోహ: ఆ సంఘటనను శాశ్వతంగా మర్చిపోతే భయం కూడా దానితోపాటే పోతుంది.

జనానికి ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది అనే కథను నిలుపుకోవడానికి మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ముఖ్యం. భయం నేర్చుకోవడంలో అమిగ్డలా అనే ఇంకో భాగానిది పెద్ద పాత్ర. రెండూ కలిసే పనిచేస్తాయి గానీ, ఒకటి పోతే రెండోది పోవాలని లేదు. 1911లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఎడువార్ క్లాపరేడ్ ఒక రోగి గురించి రాశాడు. ఆమెకు కొత్త విషయమేదీ గుర్తుండదు, ఎప్పుడూ చూసే డాక్టర్‌ను కూడా కొత్తమనిషిలాగే పలకరిస్తుంది. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని ఆమెతో చెయ్యి కలిపాడు. ఆ తర్వాత మళ్లీ చెయ్యి చాపితే ఆమె తన చెయ్యి వెనక్కి లాక్కుంది. సూది గుచ్చిన సంగతి మాత్రం ఆమెకు గుర్తులేదు.

అంటే కథ చెరిగిపోయింది, భయం మిగిలింది. రైలు కూత వినబడితే గుండె దడదడలాడుతుంది, ఎందుకో మీకే తెలియదు. ఇది ఇప్పుడున్న బాధ కంటే నయమా?

పోనీ, ఆ ఒక్క జ్ఞాపకాన్నే కోసి తీయొచ్చా? 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి ఆపరేషన్ చేసి, రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. చిన్ననాటి సంగతులు చాలావరకు మిగిలాయి గానీ, 2008లో చనిపోయేదాకా అతనికి కొత్త జ్ఞాపకం నిలవలేదు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్క జ్ఞాపకాన్ని ఏరి పారేసే కత్తి గానీ మందు గానీ ఇవ్వాళ్టికీ లేదు.

మరి ఈ పుకారు ఎక్కడిది? 2000లో కరీమ్ నాడర్, జోసెఫ్ లెడూ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగం దీనికి ఒక మూలం. పాత భయాన్ని గుర్తుచేసిన వెంటనే అమిగ్డలాలోకి నేరుగా ఒక మందు ఎక్కిస్తే, గుర్తుకొచ్చినప్పుడు మెత్తబడిన ఆ భయం మళ్లీ గట్టిపడలేదు. అది మనుషులకిచ్చే మందు కాదు. మనుషుల్లో బీపీకి వాడే ప్రోప్రనొలాల్‌తో ప్రయత్నించారు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మెరెల్ కిండ్ట్ బృందం ఒక బొమ్మ చూపించి షాక్ ఇచ్చి కొందరికి భయం నేర్పింది. మాత్ర ఇచ్చాక ఆ బొమ్మను చూసి ఉలిక్కిపడటం పోయింది, కానీ ఆ బొమ్మ తర్వాత షాక్ వస్తుందన్న సంగతి వాళ్లకు బాగానే తెలుసు. 2018లో మాంట్రియల్‌లో మనస్తత్వవేత్త అలెన్ బ్రూనే ఘోర సంఘటనల బాధితులు 60 మందితో ఒక అధ్యయనం ప్రచురించాడు. ప్రోప్రనొలాల్ మాత్ర వేసుకుని, జరిగింది రాసి చదవాలి, వారానికోసారి, ఆరు వారాలు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే వీళ్లకు బాధ ఎక్కువ తగ్గింది. జరిగింది మరిచిపోవడం ఆ చికిత్స ఉద్దేశమే కాదు. తర్వాత ఇలాంటి ప్రయోగాలన్నిట్లో ఇదే ఫలితం రాలేదు కూడా. వీడియో చూసి ప్రోప్రనొలాల్ కొనుక్కునేవాళ్లకు ఒక్క మాట: ఆస్తమా ఉంటే అది ఊపిరి ఆడకుండా చేయగలదు.

మా దగ్గర చేసేది వేరు. కాజీపేట వైపు నుంచి ఒక లోకో పైలట్ వచ్చాడు (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను). పట్టాల మీద మనిషి కనబడ్డాడు, బ్రేకు వేశాడు. లోడుతో ఉన్న గూడ్సు ఆగాలంటే కిలోమీటరు దాకా పోవాలి. ఆ రోజు నుంచి డ్యూటీ లేదు, నిద్ర లేదు. రైల్వే గేటు తగలకుండా ఎంత దూరమైనా చుట్టు తిరిగి పోయేవాడు. ఇంట్లోవాళ్లు "యాది జేసుకోకు, అదే పోతది" అన్నారు. పోలేదు. తప్పించుకున్నకొద్దీ భయం ముదురుతుంది.

కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, మొదటి నుంచి చివరిదాకా చెప్పించాం. ఫోన్లో రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వినమన్నాం. ప్రతిసారీ ఒక్క దగ్గరే ఆగేవాడు: హారన్ దగ్గర. ఆలస్యంగా కొట్టానని లోపల తనకు తాను శిక్ష వేసుకున్నాడు. కొన్ని వారాలకు ఆ క్షణాన్ని నెమ్మదిగా చెబుతూ చెబుతూ, మనిషి కనబడేసరికే చెయ్యి హారన్ మీద ఉందని తానే అన్నాడు. ముందే మలుపు బోర్డు వచ్చింది కాబట్టి కొడుతూనే ఉన్నాడట. ఆ రోజు చాలాసేపు ఏడ్చాడు. ఇప్పుడు డ్యూటీకి పోతున్నాడు. "అంగి రంగు సుత యాదికున్నది మేడం. కానీ అన్నం తింటున్న" అన్నాడు.

ఇక మత్తు సంగతి. మరిచిపోవడానికని ఆందోళనకు ఇచ్చే ఆల్ప్రజోలం మాత్రలు మింగేవాళ్లు ఉత్తర తెలంగాణలో చాలామంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 మందు అది, అయినా దొరుకుతుంది. కల్తీ కల్లులోనూ అదే కలుపుతారు, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కూడా కలుపుతారు. ఈ మత్తు పాత జ్ఞాపకాన్ని చెరపదు. ఇవ్వాళ్టి సంగతులను నిలవనివ్వదు, అంతే. ఏళ్లు గడిచినా ఆ పాత రోజు అలాగే ఉంటుంది, నిన్న ఏం తిన్నారో మాత్రం గుర్తుండదు. అలాగని ఒక్కసారిగా ఆపకండి. వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

నిజంగానే అలాంటి మందు రేపు వస్తే ఇస్తానా? పైన చెప్పిన తల్లిని ఒకసారి అడిగాను. "ఆ దినం తీసెయ్ బిడ్డా, వాని మొఖం మాత్రం తియ్యకు" అంది. ఆ రెండిటినీ విడదీసే దారి నాకైతే కనబడలేదు. ఇంకో రకం వాళ్లూ వస్తారు. అమ్మాయి మీద అఘాయిత్యం జరిగితే, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని "దీనికి మర్చిపోయేటట్టు ఏమన్న ఇయ్యండి, పరువు పోతది" అంటారు. ఆమె నోరు విప్పదు. మర్చిపోవాల్సిన అవసరం ఆమెకుందా, వాళ్లకుందా? అమ్మాయితో విడిగా మాట్లాడతానని చెప్పి వాళ్లను బయట కూర్చోబెడతాను.

మిగతావి గబగబా చెబుతాను. కరెంటు షాక్‌తో చెడ్డ జ్ఞాపకాలు పోతాయనేది తప్పు. అది తీవ్రమైన డిప్రెషన్ లాంటి వాటికి చేసే చికిత్స. మరుపు వస్తే ఎక్కువగా ఆ చికిత్స జరిగిన రోజుల చుట్టుపక్కలే వస్తుంది, ఏది పోవాలో ఎవరూ ఎంచలేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు ఇవ్వకుండా చేయకూడదు. హిప్నాటిజం జ్ఞాపకాన్ని తుడవదు, లేనిపోనివి కల్పించే ప్రమాదం మాత్రం ఉంది. తాయత్తు కట్టుకుంటామంటే కట్టుకోండి, మాత్రలు ఆపకండి. "నాయిన ఊరికి పోయిండు" అని పిల్లలకు చెప్పి ఫొటోలు దాచేస్తే వాళ్లు మర్చిపోరు, అడగడం మానేస్తారు.

ఘోరం జరిగిన మొదటి రోజుల్లో ఎవరినీ బలవంతంగా మాట్లాడించకండి. నిద్ర, తిండి, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. చాలామంది కొన్ని వారాల్లో తమంతట తామే కుదుటపడతారు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, తప్పించుకు తిరగడం తగ్గకపోతే అప్పుడు రండి. చనిపోవాలనే ఆలోచన వస్తుంటే నెల దాకా ఆగొద్దు, ఆ రోజే రండి. రాలేకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ తెండి, షాపులో చీటీ లేకుండా కొన్నవి కూడా.