గ్రేడు చూసి ట్యూషన్ మార్చకండి: ఒక లెక్కల టీచర్ రాస్తున్న అపోహలు - వాస్తవాలు

ఎస్ఏ-1 (సమ్మేటివ్ అసెస్‌మెంట్, అంటే పెద్ద పరీక్షల్లో మొదటిది) పేపర్లు ఇచ్చిన వారం మా పేరెంట్స్ మీటింగ్ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "మేడమ్, మావాడికి మ్యాథ్స్‌లో బి1 వచ్చింది, ఏం చేయమంటారు?" పేపర్ చూశారా అంటే, "గ్రేడు చూశాం కదా మేడమ్" అంటారు. ప్రోగ్రెస్ కార్డు చేతిలో ఉంటుంది, పేపరేమో పిల్లాడి బ్యాగు అడుగున నలిగి ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. గ్రేడ్ల వల్ల చదువు బాగుపడుతుందా, పాడవుతుందా అని అడిగేవాళ్లు చాలామంది. ఆ పేపర్ తెరవనంతకాలం రెండోదే జరుగుతుందని నా అభిప్రాయం.

అపోహ: గ్రేడు చూస్తే పిల్లలకు ఎంత వచ్చో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. స్టేట్ సిలబస్‌లో 71 నుంచి 80 దాకా బి1, 81 నుంచి 90 దాకా ఏ2. 80, 81 మధ్య ఒక్క మార్కు తేడాకే గ్రేడు మారిపోతుంది, 81కీ 90కీ మాత్రం ఒకటే గ్రేడు. ఇది అందరూ అనే మాటే, దీనివల్ల కొంపలేమీ మునగవు. డబ్బూ టైమూ పోయేది ఆ ఒక్క అక్షరం చూసి నిర్ణయాలు తీసుకున్నప్పుడు. కరెంటు బిల్లు చూసి ఏ గదిలో ఫ్యాన్ ఆపలేదో చెప్పగలమా?

పదో తరగతిలో ఒకబ్బాయికి బి1 వచ్చింది. తండ్రి కంగారుపడి, వీధి చివర ట్యూషన్ మాన్పించి దిల్‌సుఖ్‌నగర్‌లో ఖరీదైన కోచింగ్‌లో చేర్పించారు. వాళ్లు మొదటి చాప్టర్ నుంచి మళ్లీ ఎత్తుకున్నారు. పిల్లాడు రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరేవాడు. తర్వాతి పరీక్షలోనూ బి1. అప్పుడు పేపర్ తెప్పించి, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. బహుపదుల్లో మైనస్ 3ని బ్రాకెట్‌లో ఉన్న 'ఎక్స్ మైనస్ 4'తో గుణించాడు. చివర ప్లస్ 12 రావాలి, మైనస్ 12 వేశాడు. నిరూపక జ్యామితిలో 5లోంచి మైనస్ 2 తీసేయాల్సిన చోట 3 రాశాడు. శ్రేఢుల్లోనూ అదే, వర్గ సమీకరణాల్లోనూ అదే. నాలుగు చాప్టర్లలో మార్కులు పోయాయి, జబ్బు మాత్రం ఒక్కటే: బ్రాకెట్ ముందు మైనస్. అది ఏడో తరగతి లెక్క. పద్ధతులన్నీ వాడికి శుభ్రంగా వచ్చు. అదే క్లాసులో ఇంకో అమ్మాయికీ బి1 వచ్చింది. గుర్తుల్లో ఒక్క తప్పు లేదు కానీ సరూప త్రిభుజాల ప్రశ్నలన్నీ ఖాళీగా వదిలేసింది. ఈ ఇద్దరికీ ఒకే ట్యూషన్ చెబితే ఎవరికి లాభం?

1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో స్కూలు పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటుంది. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి ఏం బాగుందో ఏం సరిదిద్దుకోవాలో రాసిచ్చారు, ఇంకొందరికి రెండూ ఇచ్చారు. రాసిచ్చిన మాటలు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే వచ్చినవాళ్ల లాగే ఉండిపోయారు. నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. పేపర్ చేతికి రాగానే పిల్లలు పై మూలన ఉన్న అంకె చూస్తారు, తర్వాత పక్కవాడి అంకె చూస్తారు, ఆ తర్వాత పేపర్ బ్యాగులోకి పోతుంది. నేను ఎర్ర ఇంకుతో రాసిన రెండు లైన్లు ఎవరిక్కావాలి!

అందుకే స్లిప్ టెస్ట్ పేపర్లు మొదట మార్కుల్లేకుండా ఇస్తాను. తప్పు మొదలైన లైను దగ్గర సున్నా చుడతాను, అంతే. వాళ్లు అక్కణ్నుంచి మళ్లీ చేసి తెస్తారు, మార్కులు మర్నాడు చెబుతాను. ఒక తల్లి ఫోన్ చేసి, "ఫీజు కడుతున్నాం కదా మేడమ్, మార్కులు ఎందుకు వేయట్లేదు?" అన్నారు. కోపం రాలేదు. ఇంట్లో మామగారు అడుగుతారు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో పక్కింటావిడ అడుగుతుంది. చెప్పడానికి ఆమెకో అంకె కావాలి. "ఏ లైన్లో తప్పు చేశాడో అడగండమ్మా, వాడే చూపిస్తాడు" అన్నాను. చూపించాడట.

అపోహ: గ్రేడ్లతో టెన్షన్ పోయింది. లేదా, మార్కులు తిరిగొస్తే చదువు బాగుపడుతుంది.

వాస్తవం: రెండూ వట్టి మాటలే. జీపీఏ (అన్ని సబ్జెక్టుల గ్రేడు పాయింట్ల సగటు, పదికి) ఇచ్చే రోజుల్లో స్కూళ్ల ఫ్లెక్సీల మీద ఫొటోల పక్కన 10/10 ఉండేది. 2025 తెలంగాణ పది ఫలితాల్లో జీపీఏ తీసేసి సబ్జెక్టులవారీగా మార్కులు, గ్రేడ్లు ఇచ్చారు. ఫ్లెక్సీ మీదికి 600కి ఇన్ని అన్న లెక్క వచ్చింది.

అపోహ: జీపీఏని 9.5తో గుణిస్తే పర్సంటేజీ వస్తుంది.

వాస్తవం: అది సీబీఎస్ఈ పాత లెక్క. 10 పాయింట్లున్న పై గ్రేడు ఏ1 వచ్చినవాళ్ల సగటు మార్కులు 95 దగ్గర ఉన్నాయని చూసి పెట్టుకున్నది. స్టేట్ మెమోకి దాన్ని తగిలించకండి. పనిలో పని, ఇప్పటి సీబీఎస్ఈ బోర్డు పరీక్షలో ఏ1 అంటే 91 దాటడం కాదు, ఆ సబ్జెక్టులో పాసైనవాళ్లలో పై ఎనిమిదో వంతులో ఉండటం.

అపోహ: ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే స్కూల్లోనే వేసే ప్రాజెక్టులు, స్లిప్ టెస్టుల లాంటి వాటి) మార్కులు టీచర్లు ఊరికే వేసేస్తారు.

వాస్తవం: కొన్నిచోట్ల నిజమే, దాచడం ఎందుకు? ప్రాజెక్టు జిరాక్స్ షాపులో తయారవుతుంది, అందరికీ 20కి 20 పడతాయి. పేరెంట్స్‌కి సంతోషం, స్కూలుకి సంతోషం. కానీ నష్టం లేకుండా తప్పు చేసి నేర్చుకునే చోటు పిల్లలకు అదొక్కటే. అక్కడ ఫుల్ మార్కులు పంచేస్తే ఆ మైనస్ గుర్తు సంగతి పబ్లిక్ పరీక్షలోనే బయటపడుతుంది.

అపోహ: గ్రేడు తగ్గితే మంచి కాలేజీలో ఇంటర్ సీటు రాదు.

వాస్తవం: వాట్సాప్ గ్రూపుల్లో ఏటా తిరిగే పుకారు ఇది. బాసర ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల పది మెరిట్ చూస్తారు, కాదనను. మామూలుగా ఇంటర్‌లో చేరడానికి పది పాసైతే చాలు. ఇక ప్రైవేటు కాలేజీల పీఆర్వోలంటారా, వాళ్లు పది పరీక్షలు కూడా కాకముందే ఇంటికి ఫోన్లు చేసి అడ్వాన్సు కట్టమంటారు. అప్పటికి వాళ్లు చూసిన గ్రేడు ఏదో మీరే అడగండి.