హెపు తీరానికి తిరిగొచ్చిన ముత్యాలు

చైనా కొత్త సంవత్సరపు డ్రాగన్ నాట్యంలో అందరికన్నా ముందు ఒకడు కర్ర చివర గుండ్రటి బంతి పట్టుకుని పరుగెడుతుంటాడు. డ్రాగన్ మెలికలు తిరుగుతూ దాని వెంటపడుతుంది. ఆ బంతే ముత్యం. సిరికీ శుభానికీ గుర్తు.

మనకు ముత్యమంటే చిప్పలో పడ్డ స్వాతి చినుకు. ప్రాచీన చైనాలో మాత్రం దాన్ని చంద్రుడితో ముడిపెట్టారు. పున్నమికి చిప్పలు నిండుతాయని, అమావాస్యకు వట్టిపోతాయని నమ్మేవారు.

అయితే ఆ అదృష్టం ఊరికే దక్కుతుందని వాళ్ల పాత కథలు చెప్పవు. జువాంగ్‌జి అనే ప్రాచీన తాత్విక గ్రంథంలో ఏటి ఒడ్డున రెల్లు అల్లుకుని బతికే ఒక పేద కుటుంబం ఉంటుంది. కొడుకు నీళ్లలో మునిగి వెయ్యి బంగారు కాసుల ముత్యం తెస్తాడు. తండ్రి సంబరపడడు. 'రాయి తే, పగలగొట్టేద్దాం' అంటాడు. అది అగాధంలో నల్ల డ్రాగన్ గడ్డం కింద ఉండే ముత్యం. ఆ డ్రాగన్ నిద్రపోతుండబట్టి సరిపోయింది, మేలుకుంటే నీ ఆనవాలైనా మిగిలేదా అని కొడుకును నిలదీస్తాడు.

వీటన్నిట్లో నాకు గొప్పదనిపించేది హెపు కథ. హెపు నేటి గ్వాంగ్షీ ప్రాంతపు సముద్రతీరం. అక్కడ పంటల్లేవు. ముత్యాలిచ్చి, పక్కనున్న జియావోజి నుంచి, అంటే నేటి ఉత్తర వియత్నాం వైపు నుంచి, తిండిగింజలు తెచ్చుకునేవారు. అధికారులు ఆశకొద్దీ అంతూపొంతూ లేకుండా చిప్పలు తీయించారు. ముత్యాలు జియావోజి వైపు వెళ్లిపోయాయి, వర్తకులు రావడం మానేశారు, పేదలు దారుల్లో ఆకలితో చచ్చిపోయారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో, తూర్పు హాన్ రాజుల కాలంలో, మెంగ్ చాంగ్ అనే అధికారి వచ్చి ఆ దోపిడీని ఆపించాడు. ఏడాది తిరక్కుండానే ముత్యాలు తిరిగొచ్చాయని చరిత్రలో రాశారు. గోకేయకుండా వదిలేస్తే చిప్పలు మళ్లీ పెరుగుతాయి. జరిగింది అదే అయుంటుందని నా నమ్మకం. ఆయన్ను వెనక్కి పిలిచినప్పుడు జనం బండి పట్టుకుని వెళ్లనివ్వలేదు. చివరికి రాత్రిపూట ఊరివాళ్ల పడవెక్కి వెళ్లిపోయాడు. పోయిన వస్తువు సొంతదారుకు దొరికితే 'హెపు ముత్యాలు తిరిగొచ్చాయి' అని చైనీయులు ఇప్పటికీ అంటారు.

కూతుర్ని 'అరచేతిలో ముత్యం' అని మురిసిపోయే ఆ భాషలోనే ముత్యాలు తీసేవాడి బతుకూ రాసిపెట్టి ఉంది. 1637లో సాంగ్ యింగ్‌షింగ్ అనే పండితుడు వృత్తిపనుల గురించి రాసిన తన తియాంగోంగ్ కైవు పుస్తకంలో వివరించాడు: నడుముకు పొడవాటి తాడు, చేతిలో బుట్ట, ముక్కూ నోరూ కప్పేలా తగరపు గొట్టం. ఊపిరాడకపోతే తాడు కదపాలి, పైవాళ్లు గబగబా లాగుతారు. కొందరు చేపల పాలయ్యేవారు. పైకొచ్చినవాడికి వెంటనే వేడి చేసిన ఉన్ని దుప్పటి కప్పాలి. ఆలస్యమైతే వణికి చచ్చిపోతాడు.

సముద్రంలో దూకక్కర్లేని దారి కూడా చైనావాళ్లకు అంతకుముందే దొరికింది. 13వ శతాబ్దంలో హుజోకు చెందిన యె జిన్‌యాంగ్ బతికున్న మంచినీటి చిప్పల్లో చిన్న చిన్న బుద్ధుడి బొమ్మలు పెట్టి, వాటి మీద ముత్యపు పూత పట్టించాడు. నేడు ఆ హుజో ఉన్న జెజియాంగ్ రాష్ట్రంలోనే జుజి అనే ఊరు ముత్యాల సాగుకు పెద్ద కేంద్రం. హైదరాబాద్ పత్తర్‌గట్టీ దుకాణాల్లో దండలుగా గుచ్చే ముత్యాలు కూడా చాలావరకు చైనా చెరువుల్లో పెరిగినవే.