గుంటలకూ సర్వే నంబర్లే

విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాళ్లకు తెల్లవారుజామంటేనే టెన్షన్. నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు, అంటే ప్లాంక్టన్, పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి రొయ్యలతో పాటు తానూ పీల్చుకుంటుంది. తెల్లారేముందు డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఆ వేళ నీటికి గాలి అందించే ఏరేటర్ ఆగితే పంట పోయినట్టే.

అందుకే గుంటగుంటకూ సెన్సర్ దించి, గట్టు మీద స్తంభానికి వైఫై పెట్టె కట్టి మెష్ నెట్‌వర్క్ వేసుకుంటే మేలు. కబురు పెట్టె నుంచి పెట్టెకు చేతులు మారుతూ షెడ్డుకు చేరుతుంది. ఒకటి చెడితే పక్కదాని మీదుగా దారి మళ్లుతుంది.

అయితే దారి తెలియాలంటే అడ్రసులు వేరువేరుగా ఉండాలి. మేం మొదట ఆ వైఫై పెట్టెలను, అంటే రౌటర్లను, డబ్బాలోంచి తీసినవి తీసినట్టే బిగించాం. అన్నిటికీ 192.168.1.1 అడ్రసే. ఒక గుంట రీడింగ్ అడిగితే సిగ్నల్‌ను బట్టి ఒకసారి ఆ గుంటది, ఒకసారి పక్కదానిది వచ్చేది. సెన్సర్ పాడైందనుకుని రెండు రోజులు దాన్నే కడిగాం.

తర్వాత కాగితం ముందేసుకున్నాం. 112 సర్వే నంబరు పొలాన్ని అన్నదమ్ములు పంచుకుంటే 112/1, 112/2 అవుతాయి. పక్కనున్న 113 కదలదు. అడ్రసులూ అలాగే పంచాలి. సొంత నెట్‌వర్కులకని 1996 నాటి ఇంటర్నెట్ ప్రమాణం విడిచిపెట్టిన మూడు వరసల్లో 10తో మొదలయ్యేదే పెద్దది: 1,67,77,216 అడ్రసులు. అన్ని ఉన్నాయి కదా అని వచ్చిన పెట్టెకు వచ్చినట్టు వరసగా ఇచ్చుకుంటూ పోతే, రేపు కొత్త గుంట తవ్వినప్పుడు దాని నంబరు ఎక్కడో దూరాన పడుతుంది.

మేం గట్టుకు ఎనిమిది బ్లాకులు కేటాయించాం. అడ్రసులో మొదటి మూడు నంబర్లూ ఒకటే అయినవన్నీ ఒక బ్లాకు. 10.20.0 నుంచి 10.20.7 దాకా ఉత్తరపు గట్టు, 8 నుంచి 15 దాకా తూర్పు గట్టు. ఎనిమిదే ఎందుకంటే యంత్రం లెక్క 2, 4, 8, 16గా రెట్టింపవుతుంది. హద్దు అలా కుదిరితే దూరపు రౌటర్‌కు తూర్పు గట్టు మొత్తానికీ 10.20.8.0/21 అనే ఒక్క ఎంట్రీ చాలు. ఇక్కడ /21 అంటే ఎనిమిది బ్లాకుల గుంపు. అక్కడున్నవి అయిదు గుంటలే. మూడు బ్లాకులు ఖాళీగా ఉంచాం.

గుంటకో బ్లాకు. అందులోని 256 నంబర్లలో మొదటిదీ చివరిదీ పరికరాలకు ఇవ్వకూడదు. 1 వైఫై పెట్టెది, 5 ఎప్పుడూ ఆక్సిజన్ సెన్సర్‌ది. వచ్చిపోయే ఫోన్లకు 100 నుంచి, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు తనంతట తానే ఇస్తుంది.

ఇప్పుడు అలారంలో 10.20.11.5 కనబడగానే కాపలా కుర్రాడు టార్చి తీసుకుని తూర్పు గట్టు నాలుగో గుంట వైపు పరుగెడతాడు.