ఐపీ పెట్టాక దుకాణం ఎవరిది?

"ఫలానా ఆయన ఐపీ పెట్టాడట", అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్ వేశాడట, అన్న మాట బయటికి పొక్కగానే ఆయన కొట్టు షట్టరు ముందు జనం చేరతారు. ప్రామిసరీ నోటు రాయించుకున్నవాళ్లు, చేబదులు ఇచ్చినవాళ్లు, చీటీకి హామీ సంతకం పెట్టినవాళ్లు, సరుకు అరువిచ్చిన హోల్‌సేల్ వ్యాపారి, ఇలా అందరికీ ఒకటే టెన్షన్. లోపలున్న సరుకైనా చేతికొస్తుందా అని. ఆ కొట్టులో జీతానికి చేసే ఇద్దరు కుర్రాళ్ల సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తుకు రాదు. కొట్టు తెరిచి ఉంటే బాకీ నెలకింతని వచ్చే వీలుందన్న సంగతీ గుర్తుకు రాదు.

యజమాని వేరు, వ్యాపారం వేరు అని మన చట్టం కొందరి విషయంలో ఒప్పుకుంది. ఒక్క మనిషి పేరు మీద నడిచే కిరాణా కొట్టు, టైలర్ షాపు, వెల్డింగ్ షెడ్డు, పిండి మర విషయంలో మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి ఈ వ్యాపారాలే. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మొదట్లో చట్టానికి పట్టింది మనిషి ఒళ్లు ఒక్కటే. అప్పు తీర్చలేనివాణ్ని సివిల్ జైల్లో పెట్టేవారు. 1828లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టంతో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో దివాలా కోర్టులు వచ్చాయి. 1848లో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది. ఇవన్నీ ఆ మూడు నగరాలకే. గుంటూరులోనో రాజమండ్రిలోనో చితికిపోయిన వ్యాపారికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఒక చిన్న అధ్యాయం తప్ప వేరే దారి ఉండేది కాదు. జిల్లాలకంటూ ప్రత్యేక చట్టం 1907లో గాని రాలేదు. నగరాల చట్టాన్ని 1909లో కొత్తగా రాశారు. జిల్లాల చట్టాన్ని తిరగరాసి 1920లో ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టంగా తెచ్చారు. ఇవాళ్టికీ మన సబ్ కోర్టుల్లో ఐపీ అంటే ఈ 1920 చట్టం కింద వేసే పిటిషనే.

ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీని కుదిపేసిన దివాలా ఒకటుంది. 1906 అక్టోబరులో ఆర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయింది. పేరుకే కంపెనీ, నిజానికి భాగస్వాముల సంస్థ. బ్యాంకింగూ వ్యాపారమూ కలిపి చేసేది. ఉద్యోగులు, పింఛనుదారులు, చిన్న వ్యాపారులు దాచుకున్న డబ్బంతా అందులో చిక్కుకుపోయింది. పెద్ద భాగస్వామి సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు జైలు శిక్ష పడింది. ఆ గాయం నుంచే 1907లో ఇండియన్ బ్యాంక్ పుట్టింది. భాగస్వాముల సొంత లావాదేవీలకూ సంస్థ డబ్బుకూ మధ్య గోడ లేకపోతే ఏమవుతుందో అప్పుడు ఊరంతా చూసింది. అయితే అప్పటి దివాలా చట్టాల దృష్టంతా ఋణదాతల వాటా మీదే నిలిచింది.

అప్పులపాలైనవాడికి ఏం వదలాలో కూడా ఆ చట్టాలు రాశాయి. 1909 నాటి నగరాల చట్టం పనిముట్లు, బట్టలు, పరుపులు, వంటపాత్రలు, సామాను అన్నీ కలిపి 300 రూపాయల విలువ దాకా వదిలింది. జిల్లాల చట్టం లెక్క కట్టకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60ని ఆసరా చేసుకుంది. అందులో చేతివృత్తివాళ్ల పనిముట్లను, వ్యవసాయదారుల అరకలను, పశువులను, విత్తనాలను జప్తు చేయకూడదని ఉంది. కమ్మరి కొలిమికి, వడ్రంగి బాడిసకు ఇది రక్షే. కొట్టులో సరుకుకు, కాటాకు, ఫ్రిజ్‌కు ఆ మాట వర్తిస్తుందని మాత్రం చట్టం చెప్పలేదు. ఇంకో ముక్క కూడా చేర్చారు. మినహాయింపుల్లో ఖాతా పుస్తకాలు రావు. ఎవరెవరు తనకు ఎంత బాకీ ఉన్నారో రాసుకున్న పుస్తకం రిసీవర్ చేతికి, అంటే ఆస్తిని చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి చేతికి పోతుంది. అరువు మీద నడిచే కొట్టుకు అసలు ఆస్తి ఆ పుస్తకమే కదా.

1920 చట్టం పనిచేసే తీరు కాస్త దగ్గరగా చూడాలి. పిటిషన్‌లో అప్పులవాళ్ల పేర్లు ఒక షెడ్యూలులో, ఆస్తులు మరో షెడ్యూలులో రాస్తారు. అప్పు 500 రూపాయలు ఉంటే చాలు, పిటిషన్ వేయొచ్చు. ఈ అంకె 1920 నాటిదే, ఇంకా అలాగే ఉంది. అప్పులవాళ్లు కూడా పిటిషన్ వేయొచ్చు. వాళ్లకు తప్పించుకోవాలని ఇల్లు వదిలి పోవడం, కొట్టు వైపు రాకపోవడం, ఎవరికీ కనబడకుండా దాక్కోవడం కూడా దివాలా చర్యలే అంటుంది సెక్షన్ 6. భయపడి నాలుగు రోజులు బంధువుల ఊళ్లో తలదాచుకున్న చిన్న వ్యాపారి, తనకు తెలియకుండానే అవతలివాళ్ల చేతికి ఆధారం ఇచ్చినవాడవుతాడు.

కోర్టు దివాలా ఉత్తర్వు ఇచ్చిన క్షణం నుంచి ఆస్తంతా కోర్టుకో, రిసీవర్‌కో దఖలు పడుతుంది. కొట్టు పేరు, అద్దె హక్కు, సరుకు, రావలసిన బాకీలు అన్నీ అందులోకే వస్తాయి. అప్పులవాళ్లు విడివిడిగా వచ్చి ఆస్తి మీద పడటానికి వీల్లేదు, కోర్టు అనుమతి కావాలి. ఇది మంచిదే. తాకట్టు పెట్టించుకున్న బ్యాంకుకు మాత్రం ఆ అడ్డు లేదు. విడుదల ఉత్తర్వు, అంటే డిశ్చార్జి, వచ్చేదాకా కొత్తగా సంపాదించేది కూడా రిసీవర్‌కే చెందుతుంది. పైగా తాను దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయలు, ఆపైన అప్పు తీసుకోవడం సెక్షన్ 72 కింద నేరం, ఆరు నెలల దాకా జైలు. 1920లో 50 రూపాయలంటే చెప్పుకోదగ్గ మొత్తం. ఈ రోజుల్లో అరువుకు ఒక నూనె ప్యాకెట్ తెచ్చుకున్నా ఆ గీత దాటినట్టే. మళ్లీ వ్యాపారం మొదలుపెట్టాలనుకునేవాడి కాళ్లకు ఇంత బరువు ఎవరూ కావాలని కట్టి ఉండరు. నూరేళ్లుగా విప్పకపోవడం మాత్రం మన తప్పే.

ఇదే చట్టంలో సెక్షన్ 66 అని ఒకటుంది. దాని గురించి అందరికీ తెలియాలని నా కోరిక. ఋణదాతల మేలు కోసం, దివాలా తీసిన మనిషినే తన వ్యాపారం నడపడానికి కోర్టు నియమించవచ్చని అది చెబుతుంది. అతని పోషణకు, కుటుంబానికి అందులోంచే భత్యం ఇవ్వొచ్చని కూడా చెబుతుంది. సెక్షన్ 59 కింద రిసీవర్ కూడా కోర్టు అనుమతితో వ్యాపారం కొంతకాలం నడపొచ్చు, అయితే లెక్కలు లాభంగా ముగించడానికి ఎంత అవసరమో అంత వరకే. సెక్షన్లు 38, 39 రాజీకి దారి చూపిస్తాయి. సంఖ్యలో సగం కంటే ఎక్కువమంది, బాకీ విలువలో నాలుగింట మూడొంతులు ఉన్న ఋణదాతలు ఒప్పుకుంటే, కోర్టు ఆ ఏర్పాటును ఆమోదించొచ్చు. షట్టరు వేసిన కొట్టు కంటే నడిచే కొట్టు ఎక్కువ బాకీ తీరుస్తుందని 1920లో చట్టం రాసినవాళ్లకు తెలుసు. కాకపోతే దాన్ని హక్కుగా రాయకుండా కోర్టు దయకు వదిలేశారు.

భాగస్వామ్య వ్యాపారాల కథ కొంత నయం. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం ఒక భాగస్వామిని దివాలాదారుగా ప్రకటిస్తే ఆ రోజు నుంచే అతను భాగస్వామి కాడు. వేరే ఒప్పందం లేకపోతే సంస్థ కూడా రద్దవుతుంది. ఆ "వేరే ఒప్పందం లేకపోతే" అన్న మాటలోనే ఎన్నో వ్యాపారాల ప్రాణం ఉంది. ఒకరు పోయినా మిగతావాళ్లతో సంస్థ సాగుతుందని డీడ్‌లో ఒక్క వాక్యం రాసుకుంటే చాలు, కొట్టు నిలబడుతుంది. మిగిలేది ఒక్కరే అయితే ఆ వాక్యం కూడా కాపాడదు. ఒక భాగస్వామి సొంత అప్పుకు డిక్రీ వస్తే సంస్థ సరుకును జప్తు చేయకూడదని, అతని వాటా మీద మాత్రమే చార్జి వేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 49 చెబుతుంది. స్టాంపు పేపరు మీద పాత డీడ్ కాపీ కొట్టి సంతకాలు పెట్టే అలవాటు వల్ల ఈ రక్షణ పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది.

ఉమ్మడి కుటుంబాల్లో కథ ఇంకా క్లిష్టం. తండ్రి చేసిన అప్పు కొడుకులు తీర్చాలన్నది హిందూ ధర్మశాస్త్రం పెట్టిన బాధ్యత. 1948లో చేర్చిన సెక్షన్ 28ఏ తర్వాత, పాత అప్పుల కోసం కొడుకుల వాటాను అమ్మే తండ్రి అధికారం కూడా రిసీవర్ చేతికి వెళ్లింది. తాతల నాటి కొట్టు ఒక తరం అప్పుకే కరిగిపోయే పరిస్థితి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, ఆ తర్వాత చేసే అప్పులకు ఆ ధార్మిక బాధ్యత వర్తించదని రాశారు. ఆ సవరణ అనగానే ఆడపిల్లల ఆస్తి హక్కే గుర్తొస్తుంది, న్యాయంగానే. కుటుంబ వ్యాపారాలకు మేలు చేసిన ఈ ముక్క కూడా దాంట్లోనే ఉంది.

పెద్ద వ్యాపారాలకు గోడ ఎప్పుడో కట్టారు. పరిమిత బాధ్యత, అంటే వ్యాపారం మునిగినా పెట్టిన పెట్టుబడి మేరకే పోవడం, మన దేశానికి 1857లోనే వచ్చింది. ఒక్కడే నడిపించినా కంపెనీ వేరు, మనిషి వేరు అని లండన్‌లో చెప్పుల వ్యాపారి సాలమన్ కేసులో ప్రభువుల సభ తీర్పు ఇచ్చింది. చిన్నవాళ్లకు ఆ గోడ అందడానికి మరో నూరేళ్లకు పైగా పట్టింది. ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) చట్టం 2008లో, ఏకవ్యక్తి కంపెనీ 2013 కంపెనీల చట్టంతో వచ్చాయి. ఎల్ఎల్‌పీలో భాగస్వామి దివాలా తీస్తే అతను బయటికి పోతాడు, సంస్థ ఉంటుంది. ఏకవ్యక్తి కంపెనీలో వాటాలు పోయినా కంపెనీ సరుకు యజమాని సొంత అప్పుకు పోదు. ఇక్కడొక చిక్కుంది. డిశ్చార్జి రాని దివాలాదారుడు డైరెక్టరుగా ఉండటానికి అర్హుడు కాడు. ఐపీ పిటిషన్ వేసి అది పెండింగ్‌లో ఉన్నా అనర్హుడే. వ్యాపారం బతికినా దాన్ని నడిపే చెయ్యి ఆగిపోతుంది. అందుకే ఇంట్లో ఇంకొకరిని ముందే డైరెక్టరుగా పెట్టుకోవడం తెలివైన పని.

ఇంత కష్టపడి కట్టిన గోడకు బ్యాంకు కౌంటర్ దగ్గర కన్నం పడుతుంది. కంపెనీకి లోన్ కావాలంటే యజమాని వ్యక్తిగత హామీ అడుగుతారు. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం హామీదారు బాధ్యత అసలు అప్పుదారుతో సమానం. కంపెనీకి దొరికే మారటోరియం, అంటే బాకీల వసూలుకు తాత్కాలిక విరామం, హామీదారుకు వర్తించదని 2018లో సుప్రీంకోర్టు రామకృష్ణన్ కేసులో చెప్పింది. 2016 దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకు మాత్రమే అమల్లోకి తెచ్చారు. దాన్ని 2021లో లలిత్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2023 నవంబరులో మరో తీర్పులో ఆ ప్రక్రియ రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. తాకట్టు, మూడో వ్యక్తి హామీ లేకుండా చిన్న సంస్థలకు అప్పులు ఇప్పించడానికి క్రెడిట్ గ్యారంటీ ఫండ్ ట్రస్టు 2000 సంవత్సరం నుంచి ఉంది. లోన్ పేపర్ల మీద సంతకం పెట్టేముందు దాని గురించి మేనేజర్‌ను గట్టిగా అడగాలి.

సొంత పేరు మీద కొట్టు నడిపేవాళ్లకు 2016 కోడ్‌లో మంచి మాటలే రాశారు. తాకట్టులో లేని పనిముట్లు, పుస్తకాలు, వాహనాలు, వ్యాపారానికి కావలసిన ఇతర సామగ్రి ఆస్తిలోకి రావని సెక్షన్ 79 చెబుతుంది. చేతివృత్తివాళ్లకే ఉన్న రక్షణ ఇక్కడ వ్యాపారం దాకా పెరిగింది. "తాకట్టులో లేని" అన్న షరతు వల్ల లోన్ మీద కొన్న జిరాక్స్ మెషీన్, ఆటో దీని కిందికి రావు, అది నిజమే. అయినా సొంత డబ్బుతో కొన్న కుట్టు మిషన్లు మిగులుతాయి. 180 రోజుల మారటోరియం ఉంది. తిరిగి చెల్లించే ప్రణాళిక కింద వ్యాపారాన్ని అప్పుదారు తరఫున నడిపించే వీలు సెక్షన్ 105లో ఉంది. దివాలా ఉత్తర్వు వచ్చిన ఏడాదికల్లా డిశ్చార్జికి దారి ఉంది.

ఈ సెక్షన్లు మామూలు వ్యాపారికి ఇంకా అమల్లోకి రాలేదు. 2017లో కేంద్ర ప్రభుత్వమే, వ్యక్తుల భాగం నోటిఫై కాలేదు కాబట్టి పాత చట్టాలే నడుస్తాయని స్పష్టం చేసింది. కరోనా కాలంలో చిన్న పరిశ్రమల కోసమని 2021లో ప్రీప్యాక్ పద్ధతి తెచ్చారు. యజమాని చేతిలోనే సంస్థ ఉంచి అప్పులు సర్దుబాటు చేసే మంచి ఏర్పాటు అది. అయితే కంపెనీలకు, ఎల్ఎల్‌పీలకు మాత్రమే.

అందుకని ఈ రోజు సబ్ కోర్టు మెట్లెక్కే చిన్న వ్యాపారి చేతిలో ఉన్నది 1920 చట్టమే. కొట్టును భార్య పేరు మీదికో బావమరిది పేరు మీదికో మార్చేసి ఐపీ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు అలా మార్చినవాటిని సెక్షన్ 53 కింద రిసీవర్ రద్దు చేయించవచ్చు. ఒక్క ఋణదాతకే ముందుగా బాకీ కట్టేసినా, మూడు నెలల లోపైతే సెక్షన్ 54 అడ్డొస్తుంది. దాని బదులు కొట్టు నెల అమ్మకాలు, ఖర్చులు, మిగులు కాగితం మీద పెట్టి, సెక్షన్ 66 కింద తననే నడపనివ్వమని పిటిషన్‌తోపాటే అడగమని లాయర్‌కు చెప్పాలి. డిశ్చార్జి కోసం కోర్టు పెట్టిన గడువు డైరీలో రాసుకోవాలి. ఆ గడువులోగా దరఖాస్తు పెట్టకపోతే సెక్షన్ 43 కింద దివాలా ఉత్తర్వే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ కొట్టు ముందుకొస్తారు.